ముద్దమందారం నాలుగు రోజుల్లో వాడిపోయింది, ఏమై ఉంటుంది?

పెరటి మందారం:
నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పెరట్లో మా అమ్మ వేసిన ముద్దమందారం ఉంది, పన్నెండేళ్ల చెట్టు, రోజూ పూజకి దాని పూలే. మొన్నటిదాకా నిండా మొగ్గలు, ఇప్పుడేమో ఆకులు పండబారకుండానే అన్నీ వేలాడిపోయాయి, మొగ్గలు రాలుతున్నాయి. పోయిన వారం వానలు గట్టిగా పడి తర్వాత ఎండ కాసింది కదా, ఎండదెబ్బ అనుకుని పూటకి రెండు బిందెలు పోశాను, ఇంకా వాడింది. పిండినల్లి లేదు, ఆకుల వెనక కూడా చూశాను. వేసవిలో రోడ్డు ఎత్తు చేశారని మేమూ మట్టి తోలించి పెరడు మెరక చేయించాం, అంతకుమించి మార్పేమీ లేదు. పక్కింటావిడ యూరియా వేయమంటున్నారు. వేయనా? చాలా టెన్షన్‌గా ఉంది.

రాజోలు రైతు:
యూరియా వద్దండి. నీళ్లు కూడా ఆపేయండి. నేల తడిగా ఉండగా చెట్టు వాడిందంటే వేళ్లు నీళ్లు తాగట్లేదని. ముందు కొమ్మల్ని గోరుతో గీకండి, బెరడు కింద ఆకుపచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మాకు సముద్రం పక్కన బోరునీటి ఉప్పుకి చెట్లు పోతుంటాయి కానీ అది ఆకు అంచులు మాడటంతో మొదలై నెమ్మదిగా వస్తుంది, మీది అది కాదు.

కడియం నర్సరీ పని:
మెరక అన్నారు, మొదలు ఎంత పూడింది? అది తవ్వి చూడండి, మిగతావి తర్వాత.

పెరటి మందారం:
ఇప్పుడే తవ్వాను. మూరెడు పూడిపోయింది. లోపల బెరడు నల్లబడి, వేలితో తోస్తే ఊడి వస్తోంది, కుళ్లు వాసన. తూర్పు వైపు మాత్రం గట్టిగానే ఉంది. ఆ వైపు కొమ్మలు గీకితే ఆకుపచ్చగా ఉన్నాయి.

కడియం నర్సరీ పని:
మొదలుకుళ్లు అండి. మన బంకమట్టి మూరెడు ఎత్తున కప్పేస్తే పాత వేళ్లకి గాలి అందదు, బెరడు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, దాంతో బూజుతెగులు పడుతుంది. వేసవి నుంచే లోపల పోతూ వచ్చింది, వానకి బయటపడింది. చాలామంది ఇళ్లలో మెరక చేసిన ఏడాదే చెట్లు పోతాయి, తెగులంటారు, మట్టి సంగతి ఎవరికీ తట్టదు. మొదలు చుట్టూ పాత మట్టం దాకా తీసేయండి, ఆ గుంటలో నీళ్లు నిలవకుండా పక్కకి చిన్న కాలువ తీయండి. కుళ్లిన బెరడు గీకేసి కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే బూజుమందు లీటరు నీటికి 3 గ్రాములు కలిపి మొదట్లో పోయండి, చేతులకి తొడుగులు వేసుకోండి. ఎండిన కొమ్మలు కోసేయండి. ట్రైకోడెర్మా (కుళ్లు తెగులుని అణిచే మేలు చేసే బూజు) వేయాలంటే రెండు వారాలు ఆగి పశువుల ఎరువులో కలిపి వేయండి, రెండూ ఒకేసారి వేస్తే కాపర్ మందుకి ట్రైకోడెర్మా దెబ్బతినొచ్చు. బతుకుతుందని మాట ఇవ్వలేను, సగం చుట్టూ బెరడు పోయింది కాబట్టి. అందుకని ఈరోజే తూర్పు వైపు కొమ్మల్లో పెన్సిలంత లావువి జానెడు ముక్కలు కోసి, రెండు ఆకులు మాత్రం ఉంచి, తడి ఇసుకలో గుచ్చి నీడలో పెట్టండి.

పెరటి మందారం:
ఎనిమిది ముక్కలు గుచ్చానండి. మట్టి సగం తీశాం, మిగతాది రేపు పొద్దున్న. పక్కనే నందివర్ధనం కూడా అంతే లోతు పూడింది, దాని మొదలు ఇంకా గట్టిగానే ఉంది, దానిచుట్టూ కూడా తీసేస్తున్నాం.