మీరు ఇప్పుడు ఏ పుస్తకం చదువుతున్నారు? వరదలో పోయిన అరలను మళ్లీ నింపుకోవాలి

సింగ్‌నగర్ పాఠకుడు, విజయవాడ

అందరికీ నమస్కారం. మీరు రాసేవి చాలా కాలంగా చదువుతున్నాను గాని నేను రాయడం ఇదే మొదటిసారి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం నాడు బుడమేరు మా వీధిలోకి వచ్చింది. మాది కింది అంతస్తు. బియ్యం, అమ్మ మందులు, పిల్లల సర్టిఫికెట్లు పై వాటాలోకి చేర్చేసరికే నీరు నడుము దాకా వచ్చేసింది. పుస్తకాల బీరువా సంగతి గుర్తుకొచ్చేటప్పటికి పై అర ఒక్కటే నీటికి అందకుండా మిగిలి ఉంది. వారం దాటాక నీరు తీసింది. వచ్చి చూస్తే తడిసిన పుస్తకాలు ఉబ్బిపోయి ఒకదానినొకటి ఎంత గట్టిగా బిగించుకున్నాయంటే, ఒక్క పుస్తకం బయటికి తీయాలన్నా అరను విరగగొట్టవలసి వచ్చింది. సుమారు మూడు వందల పుస్తకాలు అలా పోయాయి. వాటిలో సగం జనవరిలో జరిగే మన పుస్తక మహోత్సవంలో, అది స్వరాజ్య మైదానంలో జరిగే రోజుల నుంచీ, ఏడాదికి పదో పదిహేనో చొప్పున కొన్నవి. మిగతావి లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్ల ముందు గంటల తరబడి నిలబడి ఏరుకున్నవి.

ఇప్పుడు నెలకు వెయ్యి రూపాయలు పక్కన పెట్టి మళ్లీ కొనుక్కోవడం మొదలుపెట్టాను. తెలిసినవారిని అడిగితే ‘తప్పక చదవవలసిన వంద పుస్తకాలు’ అనే పట్టికలు పంపుతున్నారు. వాటిని నేను తక్కువ చేయడం లేదు. అయితే ఆ పట్టికలలోని పుస్తకాలను పంపినవారు చివరిసారి ఎప్పుడు తెరిచారో వాటిని చూసి తెలుసుకోలేము. అందువల్ల నా ప్రశ్న వేరు. ఈ వారం మీ చేతిలో ఉన్న పుస్తకం ఏది? అది మీ ఇంట్లోంచి పోతే, చేతిలో డబ్బు తక్కువగా ఉన్న నెలలో కూడా మళ్లీ కొంటారా? కొంటే ఎందుకు?

అడిగినవాణ్ణి కనుక ముందు నా సంగతి చెబుతాను. పై అరలో మిగిలిన పుస్తకాలలో కొడవటిగంటి కుటుంబరావు గారి ‘చదువు’ ఒకటి. కాలేజీ రోజుల్లో చదివాను గాని అప్పుడు నా మనసుకు పట్టలేదు. సుందరం అనే పిల్లవాడికి అక్షరాభ్యాసం జరిగిన నాటి నుంచి అతడు తండ్రి అయ్యేదాకా నడిచే కథ ఇది. మొదటి ప్రపంచ యుద్ధం, జాతీయోద్యమం, ఆర్థిక మాంద్యం ఒకటి తరవాత ఒకటి వచ్చి పోతుంటాయి. రచయిత మాత్రం వాటిని ఎక్కడా ఉపన్యాసంగా చెప్పరు. అవి అరుగుల మీది మాటల్లోనూ, వస్తువుల ధరల్లోనూ, ఇంట్లో పెద్దవాళ్ల చిరాకులోనూ కనిపిస్తాయి. నాకిప్పుడు పదో తరగతి చదివే కొడుకు ఉన్నాడు. వాడి చదువు గురించి ఇంట్లో మేము మాట్లాడుకునే మాటలు ఆ పుస్తకంలో చాలావరకు ఉన్నాయి. తెనాలిలో పుట్టి పెరిగిన మనిషి ఇన్నేళ్ల కిందట రాసిన వాక్యాలు ఇవాళ మా ఇంటి మాటలుగా వినిపిస్తుంటే పుస్తకం మూయబుద్ధి కావడం లేదు.

మీ జవాబుల కోసం ఎదురుచూస్తాను.

బ్రాడీపేట ఉపాధ్యాయిని (విశ్రాంత), గుంటూరు

మీరు రాసినది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. పుస్తకాలు పోయిన బాధ, అవి పోయినవారికి తప్ప మరొకరికి పూర్తిగా తెలియదు.

నా చేతిలో ఉన్నది ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’. ఇది నాలుగోసారి చదవడం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ దీన్ని పిల్లలకు పరీక్షలో వచ్చే ప్రశ్నగానే చెప్పాను: రచయిత ఎవరు, ఏ జైలులో రాశారు, ప్రభుత్వం ఎప్పుడు నిషేధించింది. జవాబులు అందరికీ వచ్చేవి. రాయవేలూరు జైలులో రాశారనీ, 1922లో అచ్చయిందనీ, ఆ మరుసటి ఏడే మద్రాసు ప్రభుత్వం నిషేధించిందనీ పిల్లలు తడుముకోకుండా రాసేవారు. కాని నవల చదివినవారు తరగతికి ఒక్కరు కూడా ఉండేవారు కాదు. ఆ లోపం నాదే అని ఇప్పుడు అనిపిస్తుంది. ఒక్క అధ్యాయమైనా తరగతిలో గట్టిగా చదివి వినిపించి ఉండవలసింది.

ఈసారి నన్ను పట్టి కూర్చోబెట్టినది కథ కన్నా దానిలోని మాట. ఉన్నవ వారు మన సత్తెనపల్లి ప్రాంతంలోని వేములూరుపాడులో పుట్టినవారు. పొలం పనుల గురించీ, కూలి గింజల గురించీ, కళ్లాల దగ్గరి తగవుల గురించీ ఆయన రాస్తుంటే ఆ మాటలు మా అమ్మమ్మ నోటి నుంచి విన్నట్లే ఉంటాయి. గ్రాంథిక భాషకే గౌరవం దక్కే రోజులలో, న్యాయశాస్త్రం చదివిన మనిషి మాలపల్లెలోని రామదాసు ఇంటిని కథకు నడిబొడ్డున నిలబెట్టి, వాళ్ల మాటను వాళ్ల నోటనే పలికించారు. రామదాసు కొడుకు సంగదాసు మరణం వచ్చే చోట నేను ప్రతిసారీ పుస్తకం పక్కన పెట్టి లేచి కాసేపు అటూ ఇటూ నడుస్తాను. నిన్న సాయంత్రం కూడా అలాగే నడిచాను.

దీనిలో కష్టం లేదని మీకు చెప్పను. మధ్యలో తాత్త్విక చర్చలు చాలా దూరం సాగుతాయి, జైలు భాగం మరీ నెమ్మదిగా నడుస్తుంది. మొదటిసారి చదివేవారు అక్కడ ఆగిపోతారు. ఆగినా పరవాలేదు, వారం తరవాత మళ్లీ అక్కడి నుంచే అందుకోండి.

మరొక మాట. దీనితోపాటు జాషువా గారి ‘గబ్బిలం’ కొనండి. చాలా చిన్న పుస్తకం, ధర కూడా తక్కువే. ఊరి బయటకు నెట్టబడిన ఒక మనిషి, గుడిలోకి తనకు ప్రవేశం లేదు గనుక, గుడి కప్పును పట్టుకుని వేలాడే గబ్బిలం ద్వారా శివుడికి కబురు పంపుతాడు. మేఘసందేశం తెలిసినవారికి ఆ ఎత్తుగడలోని పదును వెంటనే తగులుతుంది. అక్కడ ప్రియురాలికి పంపిన కబురు ఇక్కడ ఆకలినీ అవమానాన్నీ మోసుకుపోతుంది. వినుకొండలో పుట్టి ఈ గుంటూరులోనే 1971లో కన్నుమూసిన కవి ఆయన. ఆ పద్యాలను మౌనంగా చదవవద్దు. ఇంట్లో ఎవరూ లేనప్పుడైనా సరే, గొంతెత్తి చదవండి.

పటమట వాసి, విజయవాడ

పుస్తకం కన్నా ముందు రెండు మాటలు చెప్పాలి. అరల్లోంచి తీసిన పుస్తకాలను పారేయకుండా దాచి ఉంటే, బాగా ఎండిన వాటిని మరొకసారి చూడండి. మామూలు కాగితం మీద అచ్చయినవి కొన్ని, రూపం చెడినా, చదవడానికి వీలుగా ఉంటాయి. నున్నటి మెరుపు కాగితంవి మాత్రం తడిసి ఎండాక అట్టలా అతుక్కుపోతాయి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. బూజు పట్టినవాటిని మూతికి గుడ్డ కట్టుకుని ఆరుబయట దులపండి. వాటిని కొత్త పుస్తకాల పక్కన మాత్రం పెట్టకండి.

రెండోది, కొనే ముందు అరువు తెచ్చుకుని చదవండి. ఊళ్లో ఠాగూరు గ్రంథాలయం ఉంది, 1911 నాటి రామమోహన గ్రంథాలయం ఉంది. గుంటూరు వెళ్లే పని పడితే బృందావన్ గార్డెన్స్‌లోని అన్నమయ్య గ్రంథాలయానికి ఒక పూట కేటాయించండి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టినది మన బెజవాడలోనే. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి కృష్ణా కాలువలో పడవ మీద పుస్తకాలు ఎక్కించి కాలువ గట్టు ఊళ్లకు పంపారు. నీళ్ల మీద పుస్తకాలు ప్రయాణం చేసిన ప్రాంతం ఇది. ఆ సంగతి మీకు ఇప్పుడు చెప్పడం సబబో కాదో తెలియదు గాని, మీ ఉత్తరం చదవగానే నాకు ముందుగా గుర్తుకు వచ్చినది ఆ పడవే.

నేను చదువుతున్నది సత్యం శంకరమంచి గారి ‘అమరావతి కథలు’. నూరు కథలు, ఒక్కొక్కటి మూడు నాలుగు పేజీలు, వాటికి బాపు బొమ్మలు. రోజుకు ఒకటి కన్నా ఎక్కువ చదవకూడదని నియమం పెట్టుకున్నాను, ఎందుకంటే వరసగా చదివితే ఒకదాని రుచి మరొకదానిలో కలిసిపోతుంది. మొదటి కథ పేరే ‘వరద’. కృష్ణ పొంగి ఊరిని ముంచినప్పుడు, ఆకలి ముందు మనుషుల మధ్యనున్న అడ్డుగోడలు ఏమయ్యాయో చెప్పే కథ. మీకు ఇప్పుడే చదవడం బరువనిపిస్తే దాన్ని వదిలి రెండో కథ నుంచి మొదలుపెట్టండి. నాకైతే ఆ సెప్టెంబరులో సింగ్‌నగర్ వైపు పడవలలో అన్నం పొట్లాలు తీసుకుని వచ్చినవారిని చూశాక ఆ కథ అంతకు ముందు కన్నా ఎక్కువ అర్థమైంది.

రాత్రి డ్యూటీ, అరండల్‌పేట, గుంటూరు

ఉపాధ్యాయిని గారి మీద నాకు గౌరవం ఉంది. అయినా ఒక విషయంలో వారితో ఏకీభవించలేకపోతున్నాను. అరలన్నీ పోగొట్టుకుని, చదివే అలవాటును కూడగట్టుకుంటున్న మనిషికి మొదటగా అంత పెద్ద నవలను సూచించడం సరికాదని నా అభిప్రాయం. నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. రాత్రి డ్యూటీలో రెండు గంటలకూ నాలుగు గంటలకూ మధ్య, వార్డు సద్దుమణిగినప్పుడు, అరగంటో ముప్పావు గంటో దొరుకుతుంది. ఆ వ్యవధిలో లోపలికి లాక్కుని, గంట మోగగానే వదిలిపెట్టగలిగే పుస్తకం నాకు కావాలి.

ఈ వారం డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ చదువుతున్నాను. పందులు కాసుకునే ఒక ముసలివాడు, ఈనడానికి సిద్ధంగా ఉండి మందతోపాటు ఇంటికి తిరిగి రాని సుక్కపందిని వెతుక్కుంటూ చీకటిపడే వేళ అడవిలోకి వెళతాడు. కథంతా ఆ ఒక్క రాత్రిదే. పేరు కూడా లేని ఆ ముసలివాడికి అడవిలోని ప్రతి చప్పుడూ తెలుసు, ప్రతి వాసనా తెలుసు. అతడు చేసే ఒక్కొక్క ఆలోచననూ రచయిత ఎంత నిదానంగా చెబుతారంటే, చదువుతున్నంతసేపూ నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను. రచయిత వృత్తిరీత్యా వైద్యులు, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు ఏళ్ల తరబడి వైద్యం చేసినవారు. ప్రాణం పోయడానికీ ప్రాణం పోవడానికీ మధ్యనున్న క్షణాలు ఆయనకు పుస్తకాల వల్ల తెలిసినవి కావని ప్రతి పేజీలోనూ నాకు అనిపించింది. పోతే మళ్లీ కొంటారా అని అడిగారు కదా. నేను ఇప్పటికే రెండుసార్లు కొన్నాను, మొదటి ప్రతిని ఒక రోగి బంధువుకు ఇచ్చాను, తిరిగి రాలేదు. ఆ అమ్మాయి దాన్ని చదువుతూ ఉంటే చాలు.

దాని తరవాత ఓల్గా గారి ‘విముక్త’ కొనండి. ఆమె గుంటూరులోనే పుట్టారు, ఈ కథలకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఒక్కొక్కరుగా సీతకు ఎదురవుతారు. మా అమ్మ రామాయణం రోజూ పారాయణ చేస్తుంది. ఆమెకు ఈ కథలు చదివి వినిపించాలా వద్దా అని చాలా రోజులు సంకోచించాను. చివరికి శూర్పణఖ కథ చదివాను. అంతా విని, మళ్లీ మొదటి నుంచి చదవమంది.

బ్రాడీపేట ఉపాధ్యాయిని (విశ్రాంత), గుంటూరు

అమ్మాయి చెప్పినది సబబే. నాకు మధ్యాహ్నమంతా తీరిక ఉంటుంది, అందరికీ ఉండదన్న ఆలోచన నాకు రాలేదు. కేశవరెడ్డి గారిని నేను చదవలేదు. రేపే తెప్పించుకుంటాను. అయితే ‘మాలపల్లి’ని మీ పట్టికలోంచి తీసేయవద్దు, కాస్త కిందికి జరపండి చాలు.

సింగ్‌నగర్ పాఠకుడు, విజయవాడ

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆదివారం పొద్దున ఏలూరు రోడ్డుకు వెళ్లి ‘అతడు అడవిని జయించాడు’, ‘గబ్బిలం’ కొన్నాను. నవలను ఒక్క రాత్రిలో చదివేశాను. చివరి పేజీలు చదివాక కథ గురించి ఎవరితోనైనా మాట్లాడాలనిపించి మా వాణ్ణి నిద్ర లేపబోయి, మర్నాడు వాడికి పరీక్ష ఉందని గుర్తుకొచ్చి ఆగిపోయాను. ‘గబ్బిలం’ ఉపాధ్యాయిని గారు చెప్పినట్లే పైకి చదివాను. రెండో రోజు నుంచి అమ్మ కూడా పక్కన కూర్చుంటోంది.

పటమట వారూ, ‘వరద’ను వదిలిపెట్టలేదు, దానితోనే మొదలుపెట్టాను. మా డాబా మీదికి కూడా అలాగే ఎవరో పేరు తెలియని కుర్రవాళ్లు మూడు రోజులు పులిహోర పొట్లాలు అందించారు. వాళ్లు ఏ ఊరివాళ్లో అడగడానికి కూడా అప్పుడు తోచలేదు. ఆ కథ చదివేటప్పుడు వాళ్ల ముఖాలే కనిపించాయి.

ఇక నుంచి పుస్తకాలన్నీ రొమ్ము ఎత్తుకు పైనే ఉండేలా గోడకు చెక్కలు కొట్టించాను. మూడు అడుగుల చెక్కలో నాలుగు పుస్తకాలు ఉన్నాయి. వచ్చే నెల వెయ్యి రూపాయలూ ‘మాలపల్లి’కే ఉంచాను. ఉపాధ్యాయిని గారూ, మీ దగ్గర ఉన్నది ఒకే సంపుటమా, లేక భాగాలుగా ఉన్నదా? కుదించినది కాకుండా పూర్తి పాఠం ఉన్న ప్రతిని గుర్తుపట్టడం ఎలాగో కొనే ముందు మీరు చెబితే మేలు.