అప్‌డేట్: ఊరంతా రహస్యం దాచే నా మిస్టరీ నవల

టీనేజ్ పాఠకుల కోసం రాస్తున్న నవలలో ఒక చిన్న ఊరు మొత్తం ఏళ్ల తరబడి ఒకే రహస్యాన్ని దాస్తుంది, అది నమ్మేలా రాయడం ఎలా అని ఇదివరకు అడిగాను కదా. దారి దొరికింది.

మీలో ఒకరు ఓక్ రిడ్జ్ గురించి చదవమన్నారు. అమెరికాలోని టెనెసీలో 1942లో అణుబాంబు పని కోసం మొదలుపెట్టిన ఊరది. 1945 నాటికి సుమారు 75,000 మంది జనాభా, అయినా అప్పటి మ్యాపుల్లో కనపడేది కాదు. చుట్టూ కంచె, గేట్ల దగ్గర గార్డులు, నోరు జారొద్దని హెచ్చరించే పెద్ద పెద్ద బోర్డులు. అప్పుడే హైస్కూల్ చదువు ముగించిన అమ్మాయిలు మీటర్లో ముల్లు చూస్తూ నాబ్‌లు తిప్పేవాళ్లు. ఆ పని యురేనియం కోసమని వాళ్లలో చాలామందికి 1945 ఆగస్టులో హిరోషిమా వార్త వచ్చాకే తెలిసింది.

అంటే ఊళ్లో అందరికీ అంతా తెలియక్కర్లేదు, తలా ఒక ముక్క తెలిస్తే చాలు! దాంతో నా టెన్షన్ సగం తగ్గింది. ఇప్పుడు హీరోయిన్‌కి స్కూలు పాత హాజరు పట్టీ దొరుకుతుంది. అందులో ఒక పేరును బ్లేడుతో గీకేశారు. కాగితం అరిగిపోయి కింది పేజీలోని అక్షరాలు కనిపిస్తున్నాయి. గీకిన టీచర్‌కి ఎందుకో తెలియదు, గీకమన్నారు కాబట్టి గీకింది.

పొగమంచు, పాడుబావి సలహాలు మాత్రం వాడలేదు, ఏమీ అనుకోకండి. పట్టపగలు అందరూ నవ్వుతూ పలకరించే ఊరే నాకు ఎక్కువ భయంగా అనిపించింది.

ఇక తేలాల్సింది గీకమన్నదెవరని. ప్రస్తుతానికి ఇద్దరి మీద నాకే అనుమానం.