చైన్ చప్పుడు: ఆయిల్ పెడితే ఆగిందంటే బాగైనట్టేనా?

వానలోబండి
ఓ సలహా కావాలి. నా బండి 18 వేల కిలోమీటర్లు తిరిగింది. వారం నుంచి నెమ్మదిగా పోతుంటే వెనక నుంచి ‘టక్... టక్’ అని వస్తోంది. ఆదివారం చైన్ లూబ్ కొట్టాను. రెండు రోజులు చప్పుడు లేదు, మూడో రోజు మళ్లీ మొదలు. వెనక ఇంకో మనిషి కూర్చుంటే టక్‌టక్‌తో పాటు సన్నగా మూలుగు కూడా. మెకానిక్ చైన్, స్ప్రాకెట్లు (చైన్ తిరిగే ముందు, వెనక పళ్ల చక్రాలు) మొత్తం సెట్ మార్చేయమంటున్నాడు. నిజంగా మార్చాలా?

నూనెచుక్క
మార్చొద్దు. 18 వేలకే సెట్ పోవడమేంటండీ? కిరసనాయిలుతో శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, 90 నంబరు గేర్ ఆయిల్ చుక్కచుక్కగా లోపలి వైపు నుంచి పెట్టండి. పైపైన స్ప్రే కొడితే రెండు రోజులే ఉంటుంది. 12 ఏళ్లుగా నేను చేస్తున్నది ఇదే.

లెక్కలబండి
ఆయిల్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ‘టక్’ ఎంతకోసారి వస్తోందో తేలాలి. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, సెంటర్ స్టాండ్ వేయండి. టైరు మీద సుద్దముక్కతో ఒక గీత గీసి చక్రం చేత్తో నెమ్మదిగా తిప్పండి. చక్రం ఒక చుట్టుకి ఒకసారి చప్పుడొస్తే వెనక స్ప్రాకెట్‌నో, చక్రాన్నో అనుమానించాలి. చుట్టుకి రెండు మూడుసార్లు వస్తే ముందు స్ప్రాకెట్. రెండున్నర చుట్లకోసారి వస్తుంటే మాత్రం చైన్‌లోనే ఒకచోట తేడా ఉంది. ఎలాగంటే, చైన్‌లో 112 లింకులు, వెనక 42 పళ్లు ఉన్నాయనుకోండి. చైన్ ఒక ప్రదక్షిణ చేసేలోపు చక్రం రెండున్నర సార్లకు పైనే తిరుగుతుంది.

గేరుపళ్లు
దయచేసి ఎవరూ ఇంజన్ ఆన్ చేసి, గేర్‌లో చక్రం తిప్పుతూ చైన్ తుడవకండి. వేళ్లు తెగిపోతాయి.

నూనెచుక్క
లెక్కలు బాగానే ఉన్నాయి. కానీ లూబ్ కొట్టగానే చప్పుడు ఆగిందని ఆయనే రాశారు కదా. అంటే రోగం పొడిబారడమే. ఇంకా వెతకడం దేనికి?

లెక్కలబండి
లూబ్‌తో రెండు రోజులే ఆగిందని కూడా ఆయనే రాశారు. అరిగిన రోలర్ (చైన్‌లో పళ్ల మధ్య కూర్చునే చిన్న గొట్టం) మీద జిడ్డు పడితే దెబ్బ మెత్తబడుతుంది, అరుగుదల మాత్రం అలాగే ఉంటుంది. ఇంకోటి, మనిషి ఎక్కితే మూలుగుతోందంటే చైన్ టైటు ఎక్కువైందని నా అనుమానం. బరువు పడి వెనక భాగం దిగుతుంటే ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) బోల్టు, వెనక ఇరుసు ఒకే గీత మీదికి వస్తాయి. చైన్ అన్నిటికంటే ఎక్కువ బిగుసుకునేది అక్కడే. ఖాళీ బండి మీద బిగుతుగా కడితే అక్కడికొచ్చేసరికి సాగడానికి చోటుండదు. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీద పడుతుంది. లూజు, అంటే చైన్ మధ్యలో పైకీ కిందికీ కదిలే దూరం, ఎంతుండాలో, ఏ స్టాండ్ మీద కొలవాలో మీ బండి బుక్కులో ఉంటుంది. చాలా బళ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్లు.

వానలోబండి
సుద్దగీత గీసి తిప్పాను. రెండు చుట్లు దాటి, మూడోది పూర్తికాకముందే ‘టక్’. పదిసార్లు తిప్పినా అంతే.

నూనెచుక్క
ఒక లింకు బిగుసుకుంది, అంతే. దాన్ని కిరసనాయిల్లో ఓ రాత్రి నానబెట్టి, చేత్తో అటూ ఇటూ వంచి ఆయిల్ పెడితే వదులవుతుంది. నా చైన్‌లో నాలుగు లింకులు అలాగే వదిలాయి.

రెండుచక్రాలు
నూనెచుక్క గారూ, మీది మామూలు చైనా, ఓ-రింగ్ చైనా? వానలోబండి గారిది ఏది?

నూనెచుక్క
నాది మామూలుదే. అయితే ఏంటి? ఇనుము ఇనుమే.

వానలోబండి
నాది ఓ-రింగ్. లింకుల మధ్య నల్లటి రబ్బరు రింగులు కనిపిస్తున్నాయి.

లెక్కలబండి
తేడా అంతా అక్కడే ఉంది. మామూలు చైన్‌లో మీరు పెట్టిన ఆయిల్ లింకులని కలిపే పిన్నుకీ, దాని చుట్టూ ఉండే బుష్ అనే గొట్టానికీ మధ్యకి దిగుతుంది. ఓ-రింగ్ చైన్‌లో ఆ సందులో గ్రీజు తయారీలోనే నింపి రబ్బరుతో మూసేస్తారు. బయట పెట్టే ఆయిల్ రోలర్లకి, పళ్లకి, తుప్పు పట్టకుండా ఉండటానికి, రబ్బరు ఎండకుండా ఉండటానికి. ఆ లింకు బిగుసుకుందంటే రింగు పోయి, లోపలి గ్రీజు కారిపోయి, నీళ్లు చేరాయన్నమాట. ఇక కిరసనాయిల్లో నానబెడితే మిగిలిన గ్రీజు కూడా పోతుంది. తుడవడానికి కిరసనాయిలు పర్వాలేదు. పెట్రోలూ, ఇనుప బ్రష్షూ మాత్రం రబ్బరుని తినేస్తాయి.

నూనెచుక్క
మొత్తానికి మీరూ ‘మార్చెయ్’ దగ్గరికే వచ్చారు. ప్రతి మెకానిక్కూ ఇదే మాట. తొమ్మిది వేలకే నా చైన్ పోయిందని భయపెట్టారు. నేను ఒప్పుకోలేదు, అదే చైన్‌తో 21 వేలు నడిపాను. వాళ్లకి అమ్మకం కావాలి. మీ మాటా వాళ్ల మాటలాగే ఉంది.

లెక్కలబండి
నేనెవరికీ ఏదీ అమ్మడంలేదు. మీరు అన్నారు కాబట్టి చెప్తున్నాను. మా తమ్ముడి బండి చైన్ ఇలాగే కొట్టుకునేది. ప్రతి వారం ఆయిల్ పెట్టేవాడు, చప్పుడు ఆగేది, ‘చూశావా అన్నా, బాగైపోయింది’ అనేవాడు. ఓ రోజు పరుగులో చైన్ తెగి ముందు స్ప్రాకెట్‌కి చుట్టుకుంది. వెనక చక్రం పట్టేసింది. ఇంజన్ కేసు పగిలింది, వాడి మోచేయి విరిగింది. చప్పుడు ఆగితే బాగైనట్టే అనే మాట నేను ఇక ఒప్పుకోలేను.

గేరుపళ్లు
తమ్ముడు ఇప్పుడెలా ఉన్నాడు?

లెక్కలబండి
బాగానే ఉన్నాడు. చేయి పూర్తిగా చాపలేడు.

నూనెచుక్క
అది చదివాక మనసు బాగోలేదు. అమ్మకం మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నా బాధా వినండి. ఏది నిజంగా పోయిందో, ఏది నా జేబు కోసం పోయిందంటున్నారో నాలాంటోడికి తెలిసేదెలా? కంటికి కనిపించే గుర్తు ఒకటి చెప్పండి. ‘మార్చెయ్’ అని ఊరికే అంటే ఇప్పటికీ నమ్మను.

లెక్కలబండి
ఇది ముందే రాయాల్సింది. వెనక స్ప్రాకెట్ మీద చైన్‌ని, చక్రం వెనక చివర పట్టుకుని వెనక్కి లాగండి. కొత్త చైన్ కదలదు. పన్ను సగం బయటికి కనిపించేంతగా లేస్తే చైన్ సాగిపోయింది. తర్వాత చక్రం కొంచెం కొంచెం తిప్పుతూ నాలుగైదు చోట్ల లూజు కొలవండి. ఒకచోట బిగుతుగా, ఇంకోచోట జారుగా ఉంటే చైన్ అన్నిచోట్లా సమానంగా అరగలేదని. లూజుగా ఉన్నచోట చూసి బిగిస్తే బిగుతుచోట ప్రాణం తీస్తుంది. స్ప్రాకెట్ పళ్లు ఒక పక్కకి కొక్కెంలా వంగినా పోయినట్టే. ఈ మూడూ బాగుంటే ఏ మెకానిక్ చెప్పినా మార్చొద్దు, నేను చెప్పినా సరే.

నూనెచుక్క
ఇది సరే. ఇలా చూపిస్తే ఎవరైనా ఒప్పుకుంటారు.

రెండుచక్రాలు
కొలిచేటప్పుడే వెనక హబ్ రబ్బర్లు (చక్రం మధ్యలో కుదుపు ఆపే రబ్బరు ముక్కలు), స్వింగ్ ఆర్మ్ మీద చైన్ రాసుకునే ప్లాస్టిక్ పట్టీ కూడా చూడండి. పట్టీ అరిగినా చైన్ కొట్టుకుంటున్నట్టే వినిపిస్తుంది.

వానలోబండి
ఇప్పుడే చూసి వస్తున్నాను. పట్టీ, హబ్ రబ్బర్లు బాగున్నాయి. లూజు ఒకచోట 31, ఇంకోచోట 11 మిల్లీమీటర్లు. ఆ బిగుతుచోటే మూడు లింకులు వరసగా వంకరగా నిలబడ్డాయి, చేత్తో నొక్కినా సాపు కావడంలేదు. రబ్బరు రింగులు రెండు లేనేలేవు, పిన్ను చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. వెనక్కి లాగితే పన్ను సగానికి పైనే కనిపించింది. ఫొటో తీసుకున్నాను, మెకానిక్‌కి కూడా చూపిస్తాను. కొత్త సెట్ వచ్చేదాకా బండి తీయను.

నూనెచుక్క
తీయొద్దు. కొత్త ఓ-రింగ్ చైన్ వేశాక ఏ ఆయిల్, ఎన్ని కిలోమీటర్లకోసారి పెట్టాలో లెక్కలబండి గారు చెప్తారు. నేనూ చదువుతాను.

లెక్కలబండి
500 కిలోమీటర్లకోసారి, వానలో తడిస్తే ఆ రోజే. బండి నడిపి వచ్చాక చైన్ వెచ్చగా ఉన్నప్పుడు, లోపలి వైపు నుంచి. ఓ-రింగ్‌కి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న లూబ్ ఏదైనా సరే. మీ 90 నంబరు గేర్ ఆయిల్ కూడా పనికొస్తుంది.