బ్లాక్‌బర్న్ లీగ్ వన్ సీజన్ (2017–18): ఆ క్రెడిట్‌లో వెంకీస్‌కి వాటా ఉందా?

కూకట్‌పల్లి_కీపర్:
వాట్సాప్ గ్రూప్‌లో తేలని గొడవ, ఇక్కడ పెడుతున్నా. ఒకాయన వాదన ఏంటంటే, వెంకీస్ వాళ్లని (మన కోళ్ల కంపెనీ, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ బ్లాక్‌బర్న్ ఓనర్లు) అందరూ ఊరికే తిడతారు గానీ బ్లాక్‌బర్న్ రోవర్స్ లీగ్ వన్‌లో పడ్డాక ఒక్క ఏడాదిలోనే పైకి వచ్చిందంటే డబ్బు పెట్టింది వాళ్లే కదా, ఆ మాత్రం క్రెడిట్ ఇవ్వరా అని. నాకు ఒళ్లు మండింది.

ఫాలో కానివాళ్ల కోసం: రోవర్స్ అంటే 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన టీమ్. మేనేజర్ డల్‌గ్లీష్, గోల్స్ షియరర్‌వి, డబ్బు ఆ ఊరి ఉక్కు వ్యాపారి జాక్ వాకర్‌ది. 2010 నవంబర్‌లో వెంకీస్ రెండు కోట్ల ముప్పై లక్షల పౌండ్లకి కొన్నారు. కొన్న నెలకే, టీమ్ పట్టికలో 13వ స్థానంలో ఉండగా, మేనేజర్ శామ్ అలర్డైస్‌ని పంపేశారు. 2012లో చాంపియన్‌షిప్‌కి, అంటే రెండో మెట్టుకి జారారు, 2017లో లీగ్ వన్‌కి, అంటే మూడో మెట్టుకి. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ అంత కిందకి పడటం అదే మొదటిసారి. పడేసిందీ వాళ్లే, మళ్లీ లేపారని దండలు కూడా వాళ్లకేనా?

గోల్‌మాల్_గోపి:
బ్రో ఎమోషన్ పక్కన పెట్టి ఆ సీజన్ చూడు. 46 మ్యాచ్‌ల్లో 28 గెలుపు, 12 డ్రా, ఓడింది ఆరే. 96 పాయింట్లు. చాలా సీజన్లలో అంతకన్నా తక్కువకే కప్పు వస్తుంది, ఆ ఏడాది విగాన్ 98 తెచ్చుకుంది కాబట్టి రెండో స్థానం. టాప్ టూ నేరుగా పైకి, అంతే.

ఇక డబ్బు. ప్రీమియర్ లీగ్ నుంచి దిగిన క్లబ్‌కి ఇచ్చే పారాచూట్ పేమెంట్లు రోవర్స్‌కి 2016తోనే అయిపోయాయి. గేటు ఆదాయం అంతంతమాత్రం, టీవీ డబ్బులు లీగ్ వన్‌లో ఎంతొస్తాయో నీకూ తెలుసు. మరి జీతాలు ఎవరిచ్చారు? జిలింగ్‌హామ్ నుంచి బ్రాడ్లీ డాక్‌ని ఎవరు కొన్నారు? జనవరిలో న్యూకాజిల్ నుంచి ఆడమ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని లోన్‌లో (అరువుకి) ఎవరు తెప్పించారు? తిట్టడానికి ఓనర్ కావాలి, బిల్లు కట్టేటప్పుడు మాత్రం ఓనర్ కనపడడా?

ఆఫ్‌సైడ్_ఆంజనేయులు:
గోపీ, ఒక్క చిన్న విషయం మర్చిపోయావు. 2017లో చాంపియన్‌షిప్ నుంచి దిగిన మూడు టీమ్‌లు బ్లాక్‌బర్న్, విగాన్, రోథరమ్. 2018లో లీగ్ వన్ నుంచి ఎక్కిన మూడు టీమ్‌లు విగాన్, బ్లాక్‌బర్న్, రోథరమ్. అవే మూడు! పై డివిజన్ జీతాలతో, పై డివిజన్ ఆటగాళ్లతో కింద ఆడితే వచ్చే ఫలితం అది. దాన్ని ఘనత అంటే ఎలా?

ఘనత అంటే ష్రూస్‌బరీది. దిగిపోతారని అందరూ అనుకున్న చిన్న క్లబ్, 87 పాయింట్లతో మూడో స్థానం, చివరికి మూడో ప్రమోషన్ చోటు కోసం ఆడే ప్లేఆఫ్ ఫైనల్లో రోథరమ్ చేతిలో ఓడింది. నాకైతే ఆ సీజన్‌లో గుర్తుండిపోయిన టీమ్ వాళ్లే.

గోల్‌మాల్_గోపి:
పెద్ద క్లబ్ దిగితే ఆటోమేటిక్‌గా ఎక్కేస్తుందా? షెఫీల్డ్ యునైటెడ్‌ని అడుగు, ఆరేళ్లు అక్కడే. లీడ్స్ మూడేళ్లు, నాటింగమ్ ఫారెస్ట్ మూడేళ్లు. సండర్లాండ్ 2018లో దిగి నాలుగేళ్లు కొట్టుకుంది, అంత పెద్ద స్టేడియం పెట్టుకుని. ఒక్క ఏడాదిలో బయటపడటం అంత సులువైతే వీళ్లందరికీ ఏమైంది?

ల్యాంకషైర్_లచ్చన్న:
నేను బ్లాక్‌బర్న్‌కి దగ్గర్లోనే ఉంటా, ఆ సీజన్ రోవర్స్ సొంత గ్రౌండ్ ఈవుడ్ పార్క్‌కి వెళ్లేవాణ్ని కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తా, ఓపికున్నవాళ్లు చదవండి.

ముందు 2016–17 అర్థం కావాలి. ఆ ఏడాది మేనేజర్‌గా ఓవెన్ కాయిల్‌ని తెచ్చారు. ఒకప్పుడు బర్న్‌లీ మేనేజర్ ఆయన. బర్న్‌లీ అంటే మాకు పక్క ఊరే, కానీ ఆ రెండు క్లబ్బుల మధ్య పగ తరాలనాటిది, అలాంటిది ఈ పేరు ఎవరు సూచించారో ఇప్పటికీ అర్థం కాదు. ఫిబ్రవరిలో ఆయన పోయి టోనీ మోబ్రే వచ్చాడు, టీమ్ ఓడటం తగ్గింది, చివరి రోజు బ్రెంట్‌ఫర్డ్ మీద 3–1తో గెలిచారు కూడా. అయినా దిగిపోయారు. మాకూ ఫారెస్ట్‌కీ 51 పాయింట్లే, గోల్ డిఫరెన్స్‌లో (కొట్టిన, ఇచ్చిన గోల్స్ తేడా) వాళ్లు మిగిలారు. మోబ్రే ఒక నెల ముందు వచ్చుంటే ఈ థ్రెడ్డే ఉండేది కాదు.

తర్వాత సీజన్ మొదటి రెండు మ్యాచ్‌లూ ఓటమే. సౌత్ఎండ్‌లో ఓడారు, తర్వాత సొంత గ్రౌండ్‌లో డాన్‌కాస్టర్ 3–1తో కొట్టింది. ఆ రోజు స్టాండ్‌లో పెద్దగా కోపం కూడా లేదు, అదే నాకు భయమేసింది. 31 వేలమంది పట్టే స్టేడియంలో సగం కుర్చీలు ఖాళీ, పక్కనేమో బర్న్‌లీ ప్రీమియర్ లీగ్‌లో ఏడో స్థానానికి, యూరప్ పోటీలకి వెళ్లే సీజన్ ఆడుతోంది. ఆ ఏడాది ఆఫీసులో బర్న్‌లీవాళ్ల పక్కన కూర్చుని టీ తాగడం ఎలా ఉండేదో చెప్పలేను.

ఇక్కడే నా పాయింట్. 2012లో అయితే ఆ రెండు ఓటములకే మేనేజర్ సూట్‌కేస్ సర్దుకోవాల్సి వచ్చేది. ఈసారి మోబ్రేని ఎవరూ కదపలేదు. ఆయన డాక్‌ని స్ట్రైకర్ డానీ గ్రాహమ్ వెనకాల ఆడించాడు, డాక్ 18 లీగ్ గోల్స్ కొట్టి ఆ డివిజన్ ఉత్తమ ఆటగాడయ్యాడు. చార్లీ మల్‌గ్రూ డిఫెండర్ అయ్యుండి 14 గోల్స్, ఫ్రీకిక్‌లు, పెనాల్టీలు, కార్నర్లకి హెడర్లు. ప్రమోషన్ ఖాయమైంది 2018 ఏప్రిల్ 24న, అదే డాన్‌కాస్టర్‌లో, 1–0. ఆ గోల్ కూడా మల్‌గ్రూ హెడరే. చివరి మ్యాచ్ ఆక్స్‌ఫర్డ్‌తో, జనం 27 వేలు దాటారు. ఇన్నాళ్లూ ఎక్కడున్నారో వీళ్లంతా అనుకున్నా, కానీ వాళ్లని తప్పుపట్టలేను, ఓనర్ల మీద అలిగి రావడం మానేసినవాళ్లే ఎక్కువ.

కాబట్టి నా లెక్క: వెంకీస్ ఆ సీజన్‌లో చేసిన మంచి పని డబ్బు పెట్టడం కాదు, డబ్బు అంతకుముందూ పెట్టారు. 2012లో హడర్స్‌ఫీల్డ్ నుంచి జోర్డన్ రోడ్స్‌ని 80 లక్షల పౌండ్లకి కొన్నారు, పైకి ఎక్కారా? లేదు. ఈసారి చేసిన మంచి పని వేలు పెట్టకపోవడం.

అనపర్తి_అబ్బాయి:
మాది కోళ్ల ఫారాల ఏరియా అండి, మా నాన్నగారు ఇప్పటికీ పొద్దున్నే నెక్ రేటు (ఆ రోజు గుడ్డు ధర) చూశాకే కాఫీ తాగుతారు. వెంకీస్ పెట్టిన, హైదరాబాద్ నుంచి ఎదిగిన బి.వి. రావు గారంటే మా దగ్గర చాలా గౌరవం, కోళ్ల రైతులు కలిసి గుడ్డు ధర చెప్పుకోవచ్చని చూపించిన మనిషి. క్లబ్ కొన్నది ఆయన పోయాక, పిల్లలు. కొన్నారని పేపర్లో చూసినప్పుడు మావాళ్లు మురిసిపోయారు కూడా.

అందుకే నాకు అర్థం కానిదేంటంటే, ఇంత తెలిసిన కుటుంబం 2012–13లో ఒకే సీజన్‌లో మేనేజర్లని అలా ఎలా మార్చింది? స్టీవ్ కీన్ పోయాడు, 1995లో కప్పు గెలిచిన టీమ్‌లో ఆడిన హెనింగ్ బెర్గ్‌ని తెచ్చి 57 రోజుల్లో పంపేశారు, తర్వాత వచ్చిన ఆపిల్టన్‌కి 67 రోజులు. లేయర్ కోడి గుడ్డు పెట్టడం మొదలెట్టడానికే నాలుగైదు నెలలు పడుతుందండి, మేనేజర్‌కి అందులో సగం టైమ్ కూడా ఇవ్వలేదు.

కూకట్‌పల్లి_కీపర్:
అబ్బాయ్ గారూ, సూపర్. ఆ ప్లేయర్లని డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి చికెన్ తినిపించిన యాడ్ కూడా గుర్తు చేయండి.

లచ్చన్నా, వేలు పెట్టకపోవడం మంచి పనే. కానీ అది కనీస బాధ్యత, దానికి క్రెడిట్ ఏంటి?

గోల్‌మాల్_గోపి:
ఇంగ్లండ్‌లో ఎంతమంది ఓనర్లకి ఆ కనీస బాధ్యత వచ్చో చెప్పు ముందు. డబ్బు కట్టలేక బరీ 2019లో లీగ్ నుంచే పోయింది, అది కూడా బ్లాక్‌బర్న్‌కి ఎంతో దూరం కాదు. బోల్టన్ అంచుదాకా వెళ్లి వచ్చింది. వెంకీస్ హయాంలో క్లబ్ మూతపడలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్‌ని తర్వాత కొన్నారు, 2021లో సౌతాంప్టన్‌కి లాభానికి అమ్మారు. మోబ్రేని 2022దాకా ఉంచారు. నేర్చుకున్నారు అనడానికి ఇంకేం కావాలి?

ఆఫ్‌సైడ్_ఆంజనేయులు:
నేర్చుకున్నారా? 2023 నుంచి ఇక్కడ ఈడీ విచారణ వల్ల క్లబ్‌కి డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో అకాడమీలో పెరిగిన ఆడమ్ వార్టన్‌ని సీజన్ మధ్యలో క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మారు. ఆ ఏడాది మళ్లీ లీగ్ వన్ అంచుకి వెళ్లి, చివరి రోజు లెస్టర్‌లో 2–0తో గెలిచి బతికారు, రెండూ స్ట్రైకర్ స్మోడిక్స్ గోల్సే. ఆయన ఆ సీజన్‌లో 27 కొట్టకపోతే రెండో లీగ్ వన్ సీజన్ గురించి వాదించుకునేవాళ్లం.

ల్యాంకషైర్_లచ్చన్న:
ఆంజనేయులూ, అది వేరే పేచీ, కానీ నిజమే. ఇక్కడి అభిమానులు అడిగేది కూడా డబ్బు గురించి కాదు, మ్యాచ్‌కి వచ్చి ముఖం చూపించమని, ప్లాన్ ఏంటో చెప్పమని. లీగ్ వన్ ఏడాదిలో అది వినిపించకపోవడానికి కారణం టీమ్ గెలుస్తూ ఉండటం, మాట్లాడాల్సినవన్నీ మోబ్రేనే మాట్లాడటం.

గోల్‌మాల్_గోపి:
సరే రాజీ. మోబ్రేకి 70, డాక్‌కి 15, మల్‌గ్రూకి 10, వెంకీస్‌కి 5. ఇంతకంటే కిందకి దిగను.

కూకట్‌పల్లి_కీపర్:
మొత్తం పంచేశావ్, మరి డేవిడ్ రాయాకి? ఆ ఏడాది దాదాపు ప్రతి మ్యాచ్‌లో గోల్ దగ్గర నిలబడింది ఆయనే, ఇప్పుడు ఆర్సెనల్ కీపర్. వెంకీస్ ఐదూ ఇటు తిప్పు.