కంప్యూటర్‌ని టీవీకి కలిపితే నాలుగు అంచులూ తెగిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న (సింగరాయకొండ నుంచి)

అందరికీ నమస్కారం. సాయంత్రం పూట మా వరండాలో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. బోర్డు మీద గీసి గీసి చేతులు నొప్పి పుడుతుంటే, ఒంగోలులో ఒక సెకండ్ హ్యాండ్ సీపీయూ కొని, ఇంట్లో ఉన్న 32 అంగుళాల టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతో కలిపాను. బొమ్మ వచ్చింది గానీ నాలుగు పక్కలా తెగిపోతోంది. టాస్క్‌బార్ సగం కూడా కనపడదు. ఎక్సెల్ తెరిస్తే ఎడమ పక్క వరస నంబర్లు లేవు. నిన్న త్రిభుజం గీస్తే కింది భుజం తెర బయటికి పోయింది, పిల్లలు "టీచర్, భూమి ఏదీ?" అని అడిగారు.

రిజల్యూషన్ 1920 × 1080 నుంచి 1280 × 720కి మార్చాను. అక్షరాలు పెద్దవయ్యాయి, కోత మాత్రం అలాగే ఉంది. షాపులో వైరు మార్చమన్నారు. మార్చాను, తేడా లేదు. విండోస్ 10 వాడుతున్నాను. మార్చిలో పిల్లలకు పరీక్షలు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (ఒంగోలు నుంచి)

అక్కా, ఇంకో వైరు కొనొద్దు. హెచ్‌డీఎంఐ వైరు చెడితే తెర మీద చుక్కలు పడతాయి, బొమ్మ పోయి వస్తుంటుంది, లేదంటే అసలు రాదు. నాలుగు అంచులూ సమానంగా కత్తిరించడం వైరు పని కాదు. అది టీవీ చేస్తున్న పని. దాన్ని ఓవర్‌స్కాన్ అంటారు.

పాత డబ్బా టీవీలు గుర్తున్నాయి కదా. వోల్టేజి తగ్గితే బొమ్మ చుట్టూ కుంచించుకుపోయి నల్లటి అంచు కనపడేది. పిక్చర్ ట్యూబు మూలలు కూడా వంపు తిరిగి ఉండేవి. అందుకే బొమ్మని తెర కన్నా కొంచెం పెద్దదిగా చూపించి, అంచులను ఫ్రేము వెనక దాచేవారు. ట్యూబులు పోయినా ఆ అలవాటు చాలా ఎల్‌ఈడీ టీవీల్లో మిగిలిపోయింది. సినిమా చూసేటప్పుడు అంచు కొంచెం పోయినా ఎవరికీ తెలియదు. కంప్యూటర్‌లో అయితే ముఖ్యమైనవన్నీ అంచుల్లోనే ఉంటాయి.

లెక్కల టీచర్ కాబట్టి అంకెల్లో చెబుతాను. టీవీ 5 శాతం కోసిందనుకోండి. నిలువునా ఉన్న 1080 పిక్సెళ్లలో (తెర మీది చుక్కల్లో) 54 పోతాయి, అంటే పైన 27, కింద 27. విండోస్ 10 టాస్క్‌బార్ ఎత్తు మామూలుగా 40 పిక్సెళ్లు. మీకు కనపడేది 13 మాత్రమే. రిజల్యూషన్ ఎంత మార్చినా కోసేది శాతం లెక్కన కాబట్టి 720 పెట్టినా అదే గతి.

కాబట్టి ముందు టీవీలోనే దీన్ని ఆపాలి. రిమోట్ మీద పిక్చర్ సైజు లేదా జూమ్ అనే బటన్ నొక్కండి. శాంసంగ్‌లో స్క్రీన్ ఫిట్, ఎల్‌జీలో జస్ట్ స్కాన్, సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద ఫుల్ పిక్సెల్ అని ఉంటాయి. వేరే కంపెనీల్లో డాట్ బై డాట్ అనో, ఓవర్‌స్కాన్ ఆఫ్ అనో ఉండొచ్చు. 16:9 అని ఉన్నది పెట్టి సరిపోయిందనుకోవద్దు, చాలా టీవీల్లో కోత ఉండేది అందులోనే.

అది దొరక్కపోతే, సోర్స్ లిస్టులో ఆ హెచ్‌డీఎంఐకి పీసీ అని పేరు పెట్టి చూడండి. కొన్ని టీవీలు ఆ పేరు చూసి కోత మానేస్తాయి.

సీపీయూలో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే దాని కంట్రోల్ ప్యానెల్లో కూడా బొమ్మని చిన్నది చేసే స్లైడర్ ఉంటుంది. దాన్ని చివరి మార్గంగానే వాడండి. కంప్యూటర్ బొమ్మని కుదిస్తుంది, టీవీ దాన్నే మళ్లీ సాగదీస్తుంది, రెండు చేతులు మారేసరికి అక్షరాలు మసకబారతాయి. పిల్లలు వెనక నుంచి చదవాలంటే అది పనికిరాదు.

సింగరాయకొండ నుంచి

తమ్ముడూ, చాలా థాంక్స్. మాది అంత పేరున్న కంపెనీ టీవీ కాదు, పాత రిమోట్ పోతే బజారులో కొన్న రిమోట్‌లో జూమ్ బటనే లేదు. మెనూలో వెతికితే పిక్చర్ కింద జూమ్ మోడ్, అందులో జస్ట్ స్కాన్ దొరికింది. టాస్క్‌బార్ మొత్తం వచ్చింది! కానీ 1080లో చిన్న అక్షరాలు మసగ్గా ఉన్నాయి. ఘాతాంకాలు అసలు చదవలేం.

జవాబు (నెల్లూరు నుంచి)

మేడమ్, టీవీ పెట్టె మీద గానీ మాన్యువల్‌లో గానీ హెచ్‌డీ రెడీ అని ఉందా, ఫుల్ హెచ్‌డీ అని ఉందా చూడండి. 32 అంగుళాల్లో చాలావి హెచ్‌డీ రెడీనే, వాటి ప్యానెల్ (అసలు తెర) 1366 × 768 మాత్రమే. అయినా అవి 1080 తీసుకుంటామని కంప్యూటర్‌కి చెబుతాయి, విండోస్ అది నమ్మి దాని పక్కన రికమెండెడ్ అని చూపిస్తుంది. 1080 వరసలను 768లో ఇరికిస్తే సన్న గీతలు చెదిరిపోతాయి.

సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే సెట్టింగ్స్, డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్ వరకు వెళ్లి లిస్ట్ ఆల్ మోడ్స్ నొక్కండి. అందులో ప్యానెల్ సైజుకి దాదాపు సమానమైన 1360 × 768, 60 హెర్ట్జ్ ఉంటే పెట్టండి. 15 సెకన్లలో మీరు ఒప్పుకోకపోతే పాతదే తిరిగి వస్తుంది, భయపడొద్దు. ఆ లిస్టులో లేకపోతే టీవీ వెనక నీలం రంగు వీజీఏ సాకెట్ ఉందేమో చూడండి. అందులో ఆ సైజు దొరికే అవకాశం ఎక్కువ. కాకపోతే వీజీఏలో శబ్దం రాదు, ఆడియో వైరు విడిగా పెట్టుకోవాలి.

చీమకుర్తి నుంచి

మా గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో దీనికి రివర్స్. టీవీలో అన్నీ సరిగ్గా ఉన్నా చుట్టూ నల్లటి పట్టీ వస్తోంది. గ్రాఫిక్స్ కార్డు ఏఎండీ.

నెల్లూరు నుంచి

అన్నా, టీవీ ఎటూ కోస్తుందని ఆ కార్డు ముందుగానే బొమ్మని కుదిస్తోంది. ఏఎండీ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే కింద హెచ్‌డీఎంఐ స్కేలింగ్ ఉంటుంది, దాన్ని 0 చేయండి.

సింగరాయకొండ నుంచి

లిస్టులో 1360 × 768 ఉంది సార్! పెట్టగానే జూమ్ మోడ్ మళ్లీ 16:9కి పోయింది, జస్ట్ స్కాన్ తిరిగి పెట్టాను. ఇప్పుడు అక్షరాలు అచ్చు వేసినట్టున్నాయి. చివరి వరసలో కూర్చునే పాపను నిలబెట్టి చదివించాను, సైన్ స్క్వేర్ తీటా మీద ఉన్న 2 కూడా చదివింది. ఇద్దరికీ రుణపడి ఉంటాను.

ఒంగోలు నుంచి

సంతోషం అక్కా. వైరు ఇప్పుడున్న సాకెట్‌లోనే ఉంచండి. ఎక్కువ టీవీల్లో ఈ సెట్టింగ్ ఏ సాకెట్‌కి ఆ సాకెట్‌కి విడిగా ఉంటుంది. ఇంట్లో ఎవరైనా సెట్‌టాప్ బాక్సు కోసం మార్చేస్తే మళ్లీ అంచులు తెగుతాయి, అప్పుడు జూమ్ మోడ్ ఒక్కటి చూసుకుంటే చాలు.