పాలమూరు నుంచి బెంగళూరుకు పచ్చి మటన్: ఎట్ల తీసుకపోవాలె, బార్డర్ల దగ్గర ఆపుతరా?

జడ్చర్ల_రోడ్డు

వచ్చే శనివారం ఊర్ల యాటను కోస్తున్నరు. మా వంతుకు 8 కిలోలు వస్తది, అందుల కిలో దాకా బోటి, కార్జం. కారుల బెంగళూరు హెబ్బాళ దాకా తీసుకపోవాలె. జడ్చర్ల నుంచి 44వ హైవే మీద 480 కిలోమీటర్లు అటు ఇటుగ, ఆగుకుంట పోతే 9 గంటలు. పొద్దుగాల 6 గంటలకు కోసి, ముక్కలు కొట్టించి, 9 గంటలకు బయల్దేరుదామని ఆలోచన. ఎండలు 40 దాటినయి.

అడిగేది ఇది. పుల్లూరు దగ్గర ఆంధ్రలకు, కొడికొండ దాటినంక కర్ణాటకలకు పోవాలె కదా, పచ్చి కూరకు కాయితం ఏమన్న అడుగుతరా? ఐసు ఎంత పట్టాలె? ఉప్పు, పసుపు పట్టిస్తే ఐసు లేకున్నా ఆగుతదని ఊర్ల పెద్దోళ్లు అంటున్నరు, నిజమేనా? ఇంకోటి, బెంగళూరు నుంచి మా బావ నెలాఖరుకు లండన్ పోతున్నడు. ఆయనకు ఎండబెట్టిన తునకలు ఒక కిలో పంపొచ్చా?

కత్తి_మొద్దు

అన్నా, ముందు మీ టైము మార్చుండ్రి. 6 గంటలకు కోసి 9 గంటలకు బయల్దేరుడే ఇందుల పెద్ద తప్పు.

గొర్రె ఒంటి వేడి 39 డిగ్రీలు. కోసినంక గూడ తొడ లోపల ఆ వేడి గంటల తరబడి ఉంటది. ఆ వేడి కూరను పాలిథిన్ కవర్ల కట్టి డబ్బల పెడితే ఆవిరి బయటికి పోదు, ముక్క చుట్టూ చెమట పట్టి జిగటొస్తది. కర్నూలు దాటేసరికే వాసన మొదలైతది. డబ్బల ఐసు ఉన్నా కవర్ నడుమ ఉన్న ముక్కకు ఆ చల్లదనం అందేసరికి చానా సేపైతది.

అట్లని కోసిన గంటకే డీప్‌ఫ్రీజర్ల పెట్టొద్దు. కోసినంక కండల ఉన్న పిండిపదార్థం లాక్టిక్ ఆమ్లంగ మారుతది, కండ బిగుసుకొని మళ్ల మెత్తబడుతది. ఆ ఆమ్లం పుట్టకముందే, అంటే కోసిన 10 గంటల లోపే, కండ 10 డిగ్రీల కిందికి పడిపోతే అది ముడుచుకపోతది. కుక్కర్ల ఎన్ని విజిల్లు పెట్టినా రబ్బరే. గొర్రె, మేక చిన్న జీవాలు, తొందరగ చల్లబడుతయి కాబట్టి ఈ తిప్పలు వీటికే ఎక్కువ. బొక్కతోని ఉన్న ముక్క కొంచెం నయం, బొక్క కండను ముడుచుకోనియ్యదు. బోన్‌లెస్ కొట్టించినోళ్లకే ఎక్కువ దెబ్బ.

అందుకని శుక్రవారం సాయంత్రం 5 గంటలకు కోయించుండ్రి. పెద్ద ముక్కలుగనే ఉంచి (తొడలు రెండు, దండచేతులు రెండు, పక్కబొక్కలు, నడుము) నీడల, ఫ్యాన్ కింద గంట కంటే ఎక్కువ కాకుండ ఆరనియ్యుండ్రి. ఈగ వాలకుంట పల్చటి బట్ట కప్పాలె. కడగొద్దు. నీళ్లు తగిలిన కూర ఆరిన కూర కంటే ఎప్పుడైనా ముందే చెడిపోతది, కడుగుడు వండేముందటి పని. తర్వాత ఫ్రిజ్‌ల, కింది అరల, పళ్లాల మీద ఒక్క పొరగ పరిచి పెట్టుండ్రి. 8 కిలోల వేడి కూరను గిన్నెల కుప్పవోసి పెడితే ఇంట్లోని ఫ్రిజ్‌కు అంత బలం లేదు. పాలు విరుగుతయి గని కూర చల్లబడదు. ఒక్క ఫ్రిజ్ సాలకపోతే పక్కింట్ల సగం పెట్టుండ్రి. పొద్దుగాల 5, 6 గంటలకు కూర 4 డిగ్రీలకు వచ్చి ఉంటది, అప్పుడు డబ్బల కెక్కించుండ్రి.

ముక్కలు బెంగళూరు పోయినంక కొట్టించుకోవాలె, ఖీమా అయితే అస్సలు ఇక్కడ కొట్టించొద్దు. ఎంత సన్నగ కోస్తే అంత ఎక్కువ కండకు గాలి, కత్తి, మొద్దు తగులుతయి.

బోటి, కార్జం తీసుకపోవద్దని నా మాట. బోటి ఎంత కడిగినా పేగుల సూక్ష్మజీవులు ఉండనే ఉంటయి, కార్జం ఫ్రిజ్‌ల గూడ ఒకటి రెండు రోజులకు మించి ఆగదు. అవి శుక్రవారం రాత్రే ఊర్ల వండుకొని తినుండ్రి. తలకాయ, కాళ్లు కాల్పించి తీసుకపోవచ్చు గని వేరే కవర్ల, డబ్బల అన్నిటికన్న కింద ఉండాలె.

ఐసు_లెక్క

పైన చెప్పినదానితో ఏకీభవిస్తా. ఐసు సంగతికి వస్తే, "కిలోకు కిలో" అని అందరూ చెప్పే లెక్క ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో చూద్దాం.

ఒక కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. 8 కిలోల మటన్‌ను 38 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించాలంటే 900 కిలోజౌళ్ల దాకా లాగాలి, అంటే దానికే 2.7 కిలోల ఐసు కరిగిపోతుంది. ఫ్రిజ్‌లో రాత్రంతా చల్లబరిచిన మటన్‌కు ఈ ఖర్చు సున్నా.

రెండో ఖర్చు డబ్బా గోడల నుంచి లోపలికి వచ్చే వేడి. 36 లీటర్ల థర్మోకోల్ పెట్టె, గోడ మందం అంగుళం అనుకుందాం. ఏసీ నడుస్తున్న కారు లోపల వెనక సీటు కింద పెడితే 9 గంటల్లో దాదాపు రెండున్నర కిలోలు కరుగుతుంది. అదే పెట్టె డిక్కీలో పెడితే, మధ్యాహ్నం డిక్కీ 45 డిగ్రీలు దాటుతుంది కాబట్టి, నాలుగున్నర కిలోల పైనే. కాబట్టి చల్లటి మటన్, క్యాబిన్‌లో పెట్టె అయితే 5 కిలోల ఐసు దండిగా చాలు, మూత తీసి చూడటాలు, టైర్ పంచరు లాంటి ఆలస్యాలు కూడా అందులోనే సర్దుకుంటాయి. వేడి మటన్, డిక్కీ అయితే 7 కిలోలు పోసినా హెబ్బాళ చేరేసరికి నీళ్లే.

విడి ఐసుముక్కలు వద్దు, త్వరగా కరుగుతాయి. కరిగిన నీళ్లు మటన్‌లోకి దిగితే అంతకంటే చెడ్డది లేదు. లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఐదు తీసుకుని, పైన పదో వంతు ఖాళీ వదిలి (నీళ్లు గడ్డకడితే 9 శాతం పెరుగుతాయి, నిండుగా పోస్తే సీసా పగులుతుంది) రెండు రాత్రులు గడ్డకట్టించండి. కరిగినా నీళ్లు సీసాలోనే ఉంటాయి. సీసాల్లో ఉప్పు కలపమని కొందరు చెబుతారు. లీటరుకు 100 గ్రాములు వేస్తే ఆ నీళ్లు సున్నాకు 6 డిగ్రీల కింద గాని గడ్డకట్టడం మొదలుపెట్టవు, ఇంట్లో సింగిల్ డోర్ ఫ్రిజ్ పై అరలో పూర్తిగా గట్టిపడవు. ఐస్‌క్రీం దుకాణం డీప్‌ఫ్రీజర్ దొరికితేనే ఆ పని.

సర్దే వరస: అడుగున రెండు సీసాలు అడ్డంగా, వాటి మీద మందపాటి కవర్లలో గాలి తీసి కట్టిన మటన్, నడుమ ఒకటి, పైన రెండు. చల్లగాలి కిందికే దిగుతుంది కాబట్టి పైన సీసాలు లేకుండా కట్టకండి. ఖాళీ ఉన్నచోట పేపరు కుక్కాలి. మూత చుట్టూ టేపు వేసి దారిలో తెరవకండి. మాంసానికి గుచ్చి చూసే థర్మామీటర్ ఆన్‌లైన్‌లో కొన్ని వందల్లో దొరుకుతుంది. దిగినాక తొడ నడుమ గుచ్చి చూస్తే 5 లోపు ఉండాలి.

ఉప్పు, పసుపు పట్టించడం గురించి: కూరకు వేసినంత ఉప్పు మాంసాన్ని కాపాడదు. అది నీళ్లు బయటికి లాగి ముక్కను తడి చేస్తుంది, అంతే. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, మంచి వెచ్చదనంలో 20 నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. 32 డిగ్రీలు దాటిన ఎండలో పచ్చి మాంసాన్ని గంటకు మించి బయట ఉంచకూడదనేది అందరూ పాటించే లెక్క.

వాడపల్లి_వంతెన

అంత తిప్పలెందుకు? సగం ఉడకబెట్టి, స్టీల్ డబ్బాల పోసి తీసుకపోతే అయిపోలే? మా దిక్కు మిర్యాలగూడ నుంచి గుంటూరు పోయేటోళ్లు అట్లనే చేస్తరు.

ఐసు_లెక్క

మిర్యాలగూడ నుంచి గుంటూరు మూడు గంటల లోపు దారి, ఇది 9 గంటలు. వేడి కూర మూతపెట్టిన స్టీల్ డబ్బాలో నెమ్మదిగా చల్లబడుతూ గంటల తరబడి గోరువెచ్చగా ఉంటుంది. వండినా చావని బీజాలు కొన్ని ఉంటాయి, అవి మొలకెత్తడానికి కావలసింది సరిగ్గా అదే. మళ్లీ వేడి చేస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ, కొన్నిటి విషం అప్పటికే కూరలో ఉంటే అది పోదు. ఉడకబెట్టాలనుకుంటే నీళ్లు ఇంకేదాకా ఉడికించి, వెడల్పాటి పళ్లెంలో పరిచి చల్లార్చి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున ఇదే ఐసు పెట్టెలో పెట్టండి. తిప్పలేం తగ్గలేదు కదా.

మూగజీవి_డాక్టర్

బార్డర్ సంగతి నేను చెబుతాను.

దేశం లోపల ఇంటి వాడకానికి గొర్రె, మేక మాంసం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లడానికి పర్మిట్ అక్కర్లేదు. అమ్మకానికైతే వేరే, అప్పుడు ఆహార భద్రత చట్టం కింద లైసెన్సు, బిల్లులు అన్నీ కావాలి. 8 కిలోలు ఇంటి వాడకమే అంటే ఎవరైనా నమ్ముతారు, 80 కిలోలంటే నమ్మరు.

జాగ్రత్త పడాల్సింది కర్ణాటకలో. అక్కడి పశువధ నిరోధక చట్టం (2020) ప్రకారం ఆవు, ఎద్దు, దూడలతో పాటు 13 ఏళ్ల లోపు బర్రె, దున్నపోతుల వధ కూడా నేరం. వధకు 3 నుంచి 7 ఏళ్ల జైలు. తనిఖీలో ఎవరైనా పెట్టె తెరిపిస్తే అది మటనే అని చూపించగలగాలి. దుకాణంలో కొంటే బిల్లు పెట్టుకోండి. ఊర్లో కోసినదానికి బిల్లుండదు కాబట్టి తొడలు ముక్కలు కొట్టించకుండా, ఒకదానికి తోక అట్లానే ఉంచేయించండి. బొక్క సైజు, తోక చూస్తే గొర్రె అని ఎవరికైనా తెలుస్తుంది. కత్తి_మొద్దు పెద్ద ముక్కలుగా తీసుకెళ్లమన్నది ఇందుకు కూడా పనికొస్తుంది.

కోళ్ల సంగతి అట్లా కాదు, అది కాలాన్ని బట్టి మారుతుంది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు తెలంగాణ సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఆంధ్ర నుంచి వచ్చే కోళ్ల బండ్లను వెనక్కి పంపారు. ఆపింది వ్యాపారపు బండ్లనే అయినా, అలాంటి రోజుల్లో నాటుకోడి పట్టుకుని బార్డర్ దాటే పని పెట్టుకోవద్దు.

ఇక లండన్ తునకలు: వద్దు. పచ్చిదైనా, ఎండినదైనా, మటన్ పచ్చడైనా, మన దేశం నుంచి ప్రయాణికులు బ్రిటన్‌కు మాంసం తీసుకెళ్లకూడదు. పాలకోవా, నెయ్యి కూడా అంతే. యూరోపియన్ యూనియన్ దేశాల్లోనూ ఇదే నియమం. అమెరికాలో కూడా మన మటన్ తీసేసుకుంటారు. అక్కడ ముందే ఫారంలో రాసి చూపిస్తే పారేసి పంపిస్తారు, దాస్తే జరిమానా.

"బాగా ఎండింది, ఉప్పు వేశాం, ఏమవుతుంది" అని చాలామంది అడుగుతారు. ఆ దేశాల భయం తినేవాళ్ల కడుపు గురించి కాదు, తమ గొర్రెలు, పందుల గురించి. మన దగ్గర గాలికుంటు వ్యాధి పోలేదు. మాంసం ఆమ్లత పెరిగినప్పుడు కండలోని వైరస్ చస్తుంది గానీ, ఆ ఆమ్లం బొక్కల మూలుగలోకి, లింఫ్ గ్రంథుల్లోకి చేరదు, అక్కడ వైరస్ బతికే ఉంటుంది. తిన్నాక పారేసిన బొక్క పంది దాణాలో పడితే చాలు. 2001లో బ్రిటన్‌లో ఈ వ్యాధి ఇంగ్లండ్ ఉత్తరాన ఒక పందుల ఫారంలో, సరిగా ఉడికించని ఎంగిలి మేపడం వల్ల మొదలైందని తేల్చారు. దొంగచాటుగా వచ్చిన మాంసమే మూలం అయి ఉంటుందని అనుమానం. 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. 2025 జనవరిలో జర్మనీలో మళ్లీ బయటపడ్డాక, అదే ఏడు ఏప్రిల్ 12 నుంచి యూరప్ నుంచి వచ్చేవాళ్ల గొర్రె, మేక, పశువు, పంది మాంసాన్ని కూడా ఆపేశారు. తీవ్రమైన కేసుల్లో 5,000 పౌండ్ల దాకా జరిమానా ఉంది.

మీ బావగారికి ఏదైనా పంపాలనే ఉంటే ఎండుచేపలు పంపండి. చేపలకు మనిషికి 20 కిలోల దాకా అనుమతి ఉంది. బయలుదేరే ముందు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోమనండి, వ్యాధి వార్తలను బట్టి నియమాలు మారుతుంటాయి.

జడ్చర్ల_రోడ్డు

అందరికీ దండాలు. లండన్ సంగతి బంద్. తునకలు బెంగళూరుకే తీసుకపోత. కిలో కూరకు ఎంత ఉప్పు వెయ్యాలె? ఇంకోటి, ఒకవేళ కారు కాకుండ హైదరాబాద్ నుంచి విమానంల పోవాల్సి వస్తే?

కత్తి_మొద్దు

తునకలకు బోన్‌లెస్, చర్బి మొత్తం తీసెయ్యాలె. చర్బి ఎండదు, నెల తిరిగేసరికి ముక్క వాసనొస్తది. అర అంగుళం మందంల పొడుగ్గ చీరి, కిలోకు 50 నుంచి 60 గ్రాముల ఉప్పు, చెంచ పసుపు, కారం పట్టించి తీగ మీద ఒకదానికొకటి తగలకుంట వెయ్యుండ్రి. గట్టి ఎండల మూడు నాలుగు రోజులు, రాత్రిపూట లోపలికి తీసుకోవాలె. వంచితే విరగాలె. వంగితే ఇంక తడి ఉన్నట్టే. కిలోకు 350 గ్రాములు అటు ఇటుగ మిగుల్తది. మబ్బు పట్టిన వారంల మొదలు పెట్టొద్దు.

ఐసు_లెక్క

విమానానికి ఐసు సీసాలు పనికిరావు, కరిగి కారితే లగేజీ దించేస్తారు. మటన్‌ను 24 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాక, కిలో కిలో పాకెట్లుగా ఒకటిన్నర అంగుళం మందంలో పరిచి, సున్నాకు 18 డిగ్రీల కింద నడిచే డీప్‌ఫ్రీజర్‌లో ఒక రోజంతా గడ్డకట్టించండి. రెండు కవర్లు వేసి థర్మోకోల్ పెట్టెలో బిగుతుగా సర్ది చెక్-ఇన్ చేయండి. ఆ గడ్డే ఐసు, ఇంటి నుంచి ఇంటికి ఆరేడు గంటలకు చాలు. డ్రై ఐస్ వాడితే ఒక్కొక్కరికి 2.5 కిలోల పరిమితి, ముందే ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవాలి, గ్యాసు బయటికి పోయేలా పెట్టె ఉండాలి. అదే డ్రై ఐస్ అద్దాలు బిగించిన కారులో పెట్టుకోకండి, కార్బన్ డయాక్సైడ్ నిండి కళ్లు తిరుగుతాయి.

రైలు గురించి కూడా: కాచిగూడ నుంచి బెంగళూరు పోయే బండ్లు మహబూబ్‌నగర్, గద్వాల మీదుగానే వెళతాయి. పర్మిట్ అక్కర్లేదు గానీ వాసన కొట్టే, కారే సామాను మీద రైల్వే చట్టం 67వ సెక్షన్ ఉంది. పక్క బెర్తు వాళ్లు ఫిర్యాదు చేస్తే దించేయొచ్చు. గడ్డకట్టిన పాకెట్లయితేనే రైలు ఎక్కండి.

దిగినాక పాకెట్ నడుమ ఐసు పలుకులు తగులుతుంటే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. పూర్తిగా కరిగి ఇంకా చల్లగానే ఉంటే ఆ రోజో మర్నాడో వండేయండి. రంగు ముదిరినంత మాత్రాన చెడినట్టు కాదు, గాలి తగలకపోతే మటన్ నల్లబడుతుంది. వేలికి జిగట తగిలినా, పుల్లటి వాసన వచ్చినా మాత్రం ధర ఎంతని చూడకుండా పారేయండి.