అప్‌డేట్: ఇటుక బట్టీ నోటీసు కేసులో హైకోర్టు ఏమందంటే

పెందుర్తి అవతల మా బావ వాళ్ళ ఇటుక బట్టీకి మట్టి మీద సీనరేజీ (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) బాకీ, పైన పెనాల్టీ కట్టమని నోటీసొచ్చింది, నేరుగా హైకోర్టుకెళ్తే పనవుతుందా అని ఇంతకుముందు అడిగాను కదండీ, చాలామంది ఓపిగ్గా చెప్పారు, అందుకే ఏమైందో రాస్తున్నా.

హైకోర్టులో రిట్ పిటిషన్ వేశాం. కోర్టు కేసు లోతుల్లోకెళ్ళి చూడనంది. ఎంత మట్టి తవ్వారు, ఎన్ని ఇటుకలు కాల్చారు అనే లెక్కల గొడవ ఆర్టికల్ 226 (రిట్లు వినడానికి రాజ్యాంగం హైకోర్టుకిచ్చిన అధికారం) కింద మేం తేల్చం, రూల్స్‌లో అప్పీలుంది కదా, ముందు అక్కడికెళ్ళండి అని కొట్టేశారు. అంటే నోటీసు కరెక్టని కోర్టు అన్లేదు, ఊళ్ళో మాత్రం అప్పుడే కేసు ఓడిపోయారని మొదలెట్టేశారు, అది చాలా బాధగా ఉంది.

మామూలు మట్టి కూడా 1957 గనుల చట్టంలో చిన్నతరహా ఖనిజమే, రూల్స్ పెట్టే పవర్ సెక్షన్ 15 కింద రాష్ట్రానిదే, కాబట్టి అసలు కట్టక్కర్లేదనే వాదన నిలబడదని లాయరు గారు ముందే చెప్పారు. మా గొడవంతా లెక్క దగ్గరే. పోయిన సీజన్లో వానకి పచ్చి ఇటుకలు వరసలకి వరసలు టార్పాలిన్ కిందే కరిగి ముద్దయిపోతే, ఆ మట్టినే మళ్ళీ తొక్కించి కోయించాడు బావ, దానికి రెండోసారి సీనరేజీ వేస్తే ఎలాగండీ?

ఇప్పుడు అప్పీలు వేస్తున్నాం, కోర్టులో గడిచిన టైము అప్పీలు గడువులోంచి మినహాయించమని, వసూలు ఆపమని కూడా అడుగుతున్నాం. బట్టీలున్నవాళ్ళు కూలీలకి వెయ్యికింత అని రాసిన పుస్తకం, ఊక బిల్లులు, ట్రాక్టరు లోడు చీటీలు దయచేసి పారెయ్యకండి, ఎన్ని కాలాయో చెప్పేవి అవే.